రసెల్ చేపలకు రంగులు: విశాఖ తీరంలో ఒక ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, మొదలు

1803లో లండన్‌లో అచ్చయిన పుస్తకం ఒకటుంది. రెండు సంపుటాలు, పేరు చాలా పొడుగు. మన మాటల్లో చెప్పుకుంటే, కోరమాండల్ తీరాన విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు. రాసినాయన పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ డాక్టరు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి వైద్యం చేశాడు, ప్లేగు మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన తమ్ముడు క్లాడ్‌కి ఈస్టిండియా కంపెనీలో విశాఖపట్నం పెద్ద ఉద్యోగం వస్తే, 1781లో అతనితో పాటు ఇక్కడికి వచ్చాడు. 1785లో కంపెనీ ఈయన్ని తమ ప్రకృతి శాస్త్రవేత్తగా వేసుకుంది. 1789లో తిరిగి వెళ్లిపోయాడు. అంటే బొమ్మల్లో ఉన్న చేపలు మన తీరంలో వలకి పడి ఇప్పటికి 230 ఏళ్లు దాటింది.

పుస్తకం మొత్తం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్ చేసి పెట్టారు, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నేను దించుకున్న ప్రతిలో బొమ్మలన్నీ రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన నల్లగీతలే, రంగు చుక్క కూడా లేదు. రసెల్ పాముల పుస్తకం (1796) చూసినవాళ్లకి ఇది కొంచెం వెలితిగా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో పాములకి చేత్తో రంగులేశారు. కాటుక రేకుల పొడ అని ఆయన రాసుకున్న పాముకి గోధుమరంగు ఒంటి మీద ముదురు మచ్చలు వరసగా దిద్ది ఉంటాయి. ఆ పామునే తర్వాత ఆయన పేరుతో రసెల్స్ వైపర్ అన్నారు, మనం రక్తపింజరి అంటాం.

నేను పెట్టుకున్న పని ఇదీ. చేపల ప్లేట్లని, అంటే పుస్తకంలోని బొమ్మల పేజీలని, మంచి కాగితం మీద అచ్చేసి, అదే చేపని ఇవాళ విశాఖ ఒడ్డున తాజాగా చూసి, ఆ రంగుల్ని నీటిరంగులతో బొమ్మలో వేయడం. పక్కన, రసెల్ ఇక్కడివాళ్లని అడిగి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పేరు తెలుగు లిపిలో, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు, శాస్త్రీయ నామం. మొత్తం రెండు వందలూ నా వల్ల అవుతాయని అనుకోవడం లేదు. మనం తినే చేపలు, మన ఇళ్లలో పేరు తెలిసిన చేపలు ముందు పూర్తి చేయాలి.

డిసెంబరు, కాగితం, ఇంకు

పని ఇంత చిన్న విషయం దగ్గర ఆగుతుందని అనుకోలేదు. స్కాన్‌లో పాత కాగితం పసుపు ఉంటుంది, దాన్ని తీసేసి గీత ఒక్కటే మిగలాలి. గింప్ అనే బొమ్మలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని గ్రేస్కేల్‌కి మార్చి లెవెల్స్ సర్దితే పసుపు పోతుంది, అయితే మరీ ఎక్కువ లాగితే పొట్ట కింద ఉండే సన్నగీతలు కూడా ఎగిరిపోతాయి. ఆ సన్నగీతలే చేప ఒంటికి గుండ్రదనం ఇచ్చేవి. అందుకని పొట్ట భాగాన్ని విడిగా ఎంచుకుని తక్కువగా సర్దుతున్నాను.

ప్రింటు విషయంలో ఒకటే మాట: మామూలు డై ఇంకుతో తీసిన ప్రింటు మీద తడి కుంచె పెడితే గీతలు కరిగి బూడిదరంగు మరక అయిపోతుంది. పిగ్మెంట్ ఇంకు కావాలి, ప్రింటు తీశాక ఒకరోజు ఆరనివ్వాలి. కాగితం 300 జీఎస్ఎం, హాట్ ప్రెస్, అంటే నున్నటిది. గరుకు కాగితం మీద ఈ గీతలు తెగిపోతాయి. సైజు ఏ3. ఇది దొరకని ఊళ్లో ఉన్నవాళ్లు లేజర్ ప్రింటుతో కానిచ్చేయొచ్చు, గీత కరగదు, కాకపోతే టోనర్ మీద రంగు సరిగా పట్టదు.

రంగులు కొన్నే పెట్టుకున్నాను: ఇండిగో, ప్రష్యన్ బ్లూ, గాంబోజ్ పసుపు, ఎల్లో ఓకర్, కార్మైన్ ఎరుపు, దీపపు మసి నలుపు. ఆ కాలంలో బొమ్మలకి రంగులేసేవాళ్ల పెట్టెలో దాదాపు ఇవే ఉండేవి, ఇండిగో అయితే మన తీరం నుంచే ఓడల్లో వెళ్లేది. ఇవికాక తుమ్మజిగురు లాంటి గమ్ అరబిక్ కొంచెం. కంటి మీద, తడిగా మెరిసే చోట పైపూతగా పల్చగా రాస్తే నిగనిగలాడుతుంది.

జనవరి, ఫిషింగ్ హార్బర్

పొద్దున్నే వేలం జరిగేచోట నిలబడి బొమ్మ, రంగులు తీయడం అయ్యే పని కాదు, మనుషులు తోసుకుంటూ ఉంటారు, ఐసు బండ్లు వస్తుంటాయి, ఎవరి హడావుడి వాళ్లది. ఒక పక్కన చేపలు అమ్మే పిన్ని దగ్గర చోటు దొరికింది. ప్లేట్లు లామినేట్ చేసి తీసుకెళ్లాను. ఆవిడ ఒక్కోటీ తిప్పుతూ, కింద ఇంగ్లీషు అక్షరాల వంక చూడకుండా, చేపని చూసి పేరు చెబుతూ పోయింది. సావడ. నల్ల చందువ. పాలబొంత. నేను వెనక రాసుకున్న కాగితంతో సరిచూసుకుంటున్నాను. రసెల్ రాసుకున్నవి సవాలా, నాలా సందవా, పాలా బొంతా. ఇంగ్లీషు చెవితో విన్న స్పెల్లింగులు తీసేస్తే అవే పేర్లు. పండుమీను అని ఆయన రాసింది మాత్రం ఆవిడ పండుచేప అంది.

కొన్ని బొమ్మల దగ్గర ఆవిడ ఆగిపోయింది. పారల (ఇంగ్లీషులో ట్రెవల్లీ) రకాల్లో, కారల (పోనీఫిష్) రకాల్లో ప్లేటు చూసి ఇది ఫలానా అని చెప్పడం ఆవిడకీ కష్టమే, ఎందుకంటే చేతిలో పట్టుకుని చూడాల్సిన తేడాలు అవి. రసెల్ ఒక్క కార చేపలకే దాసర కార, గుమ్మర కార, తొట్ట కార అని విడివిడిగా పేర్లు రాసుకున్నట్టు కనిపిస్తుంది. ఈ లిపి మార్పు నేను చేసుకున్నదే, ఇంకా ఖాయం చేయలేదు. ఇవి వేరే పెట్టాను.

వెళ్లేముందు ఆవిడ ఒక మాట చెప్పింది: "ఐసులో పెట్టిన చేప సూసి రంగేస్తే ఎలాగ బాబూ, తెల్లారగట్ల తెప్ప దిగీటప్పుడు రండి, అప్పుడు సూడాల." ప్రాజెక్టు పద్ధతి మొత్తం అక్కడితో మారింది.

జనవరి చివర, పెద్ద జాలరిపేట ఒడ్డు: కానగుర్త

ఆవిడ చెప్పినట్టే చేశాను. చిన్న పడవలు రాత్రి వేటకెళ్లి తెల్లవారేసరికి ఇసకలోకి వస్తాయి, వలలోంచి చేపని విడదీస్తుండగా పక్కన కూర్చుని చూడొచ్చు.

కానగుర్త, ఇక్కడ చాలామంది నోట కానాగంత, బజార్లో చూస్తే నీలం వీపు, తెల్ల పొట్ట, అంతే. అప్పుడే వలలోంచి తీసిన దానికి వీపు నీలం ఆకుపచ్చల మధ్య రంగు, దాని కింద ఒంటి పొడుగునా సన్నటి చారలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. నేను కుంచె తడిపి పసుపు కలిపేలోపే ఆ బంగారం మసకబారడం మొదలైంది, కొంతసేపటికి అవే చారలు ముదురు బూడిదరంగులో కనిపించాయి. మొప్పల వెనక ఉండే పక్క రెక్క కింద అంచు దగ్గర ఒంటి మీద ఒక నల్లమచ్చ, అది మాత్రం పోదు. వీపు మీద రెక్కకి అటూ ఇటూ చిన్న నల్లచుక్కలు వరసలో. వెనకవైపు, తోకకి ముందు, పైనా కిందా అయిదేసి బుల్లి రెక్కలు, గోరుతో లెక్కపెట్టొచ్చు. నోరు తెరిస్తే మొప్పల లోపలి దువ్వెన పళ్లు ఈకల్లాగా పొడుగ్గా బయటికి కనిపిస్తాయి. నీళ్లలోని సన్న ప్లాంక్టన్‌ని వడగట్టుకుని తినే చేప కాబట్టి అవి అంత పొడుగు.

రంగు ఎందుకు అంత తొందరగా పోతుందో చదివాను. చేప బతికి ఉన్నంతసేపూ దాని చర్మంలోని రంగు కణాల లోపల రంగు రేణువులు నరాల అదుపులో పరుచుకుంటూ, మళ్లీ మధ్యకి చేరుకుంటూ ఉంటాయి, చచ్చిపోయాక ఆ అదుపు పోతుంది. మెరుపు సంగతి వేరు, అది రంగే కాదు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థం పలచటి స్ఫటికాలుగా దొంతరలు పేర్చినట్టు ఉంటుంది, వెలుతురు వాటి మీద పడి తిరిగొస్తేనే వెండి, నీలం, బంగారు మెరుపులు. తడి ఆరిపోతే, ఆ దొంతరలు చెదిరితే మెరుపూ పోతుంది.

అందుకని ఇప్పుడు పద్ధతి ఇది. ప్రింటు వేసిన కాగితమే సన్నటి ముక్కలుగా కత్తిరించి తీసుకెళ్తాను. ఒడ్డునే, చేప పక్కనే, వీపుకి ఒకటి, చారకి ఒకటి, పొట్టకి, రెక్కకి, కంటికి ఒక్కోటి రంగు పూసి వెనక పెన్సిల్‌తో టైము రాస్తాను. ఫోటో కూడా తీస్తాను, పక్కన బూడిదరంగు కార్డు పెట్టి, నీడలో. తెల్లవారుజాము వెలుతురులో ఫోన్ కెమెరా తెలుపుని నీలం చేసేస్తుంది, కార్డు ఉంటే ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు. బొమ్మలో రంగేసేది ఇంట్లో, ముక్కలు ముందు పెట్టుకుని.

ఈ చేపకి శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానగుర్తా. ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియె 1816లో రసెల్ పుస్తకాన్ని ఆధారం చేసుకుని ఈ చేపకి జాతిపేరు పెట్టాడు, మన ఒడ్డున అడిగి రాసుకున్న పేరే అలాగే ఉంచేశాడు. ఎర్ర సముద్రం నుంచి ఇండోనేసియా దాటి పసిఫిక్ దాకా ఈ చేప ఎక్కడ దొరికినా శాస్త్రవేత్తలు రాసే పేరు ఇదే. నాకు ఇది చాలా గర్వంగా ఉంది, దాచుకోను. వెండిపట్టీ లాంటి సావడ కూడా అంతే, 1829లో క్యువియె పెట్టిన పేరులో సవాలా ఉంది.

ఫిబ్రవరి, చందువలు

తెల్ల చందువ, నల్ల చందువ. రసెల్ పుస్తకంలో ఇవి పక్కపక్కనే ఉంటాయి, మన వంటింట్లోనూ అంతే. చేపల శాస్త్రం మాత్రం రెండింటినీ వేరే కుటుంబాల్లో పెట్టింది, నల్ల చందువ పారల కుటుంబంలోది. నమ్మకం కలగాలంటే తోక మొదలు దగ్గర వేలు పెట్టి పక్కగా రాయాలి. నల్ల చందువకి అక్కడ గట్టిపడిన పొలుసులు సన్నటి గట్టులా తగులుతాయి, పారలకి ఉన్నట్టే. తెల్ల చందువకి ఆ చోటు నున్నగా ఉంటుంది. గీతబొమ్మకి రంగేసేటప్పుడు ఈ గట్టు మీద కుంచె ఆపి ఆపి వేయాలి, ఒకే ఊపులో పూత లాగేస్తే అది కనబడకుండా పోతుంది.

తెల్ల చందువ వేయడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. వెండిరంగుని నీటిరంగుతో ఎలా తేవాలి? జర్మనీలో మార్కస్ బ్లాక్ అనే డాక్టరు సరిగ్గా రసెల్ కాలంలోనే చేపల మీద గొప్ప పుస్తకం వేశాడు, 432 ప్లేట్లు. వాటిలో కొన్నిటికి నిజంగానే వెండి, బంగారు పొడులు వాడారు. చూడ్డానికి కళ్లు చెదిరిపోతాయి. కాకపోతే వెండి గాలికి నల్లబడుతుంది. నేను ఆ దారి పట్టడం లేదు. కాగితం తెలుపునే వెండిగా వదిలేసి, చుట్టూ ఇండిగోలో చిటికెడు నలుపు కలిపి మూడు నాలుగు పల్చటి పూతలు వేస్తున్నాను, ఒక్కోటీ పూర్తిగా ఆరాకే తర్వాతది. వీపు వైపు నీలి బూడిద, పొట్ట వైపుకి వచ్చేసరికి ఏమీ లేదు. ఒంటి మీద సన్నటి నల్లచుక్కలుంటాయి, అవి ఆఖర్న, పొడి కుంచె మొనతో.

ఇక్కడ ఆ చెక్కడం గొప్పతనం తెలిసింది. రంగు లేకుండానే రాగిరేకు మీద గీతల దూరాన్ని బట్టి గుండ్రదనం అంతా తెచ్చేశారు. నా పూతలు వాటి మీద ఎక్కువైతే బొమ్మ చచ్చిపోతుంది. కాబట్టి నీళ్లు ఎక్కువ, రంగు తక్కువ.

ఫిబ్రవరి, బొమ్మ గీసినవాళ్ల గురించి

చేపల అసలు బొమ్మలు ఇక్కడే, మనవాళ్లలో ఎవరో చిత్రకారుడు గీశాడు. వాటిని చూసి లండన్‌లో రాగిరేకుల మీద చెక్కారు. ఆ చిత్రకారుడి పేరు పుస్తకం మీద లేదు. రసెల్ తర్వాత కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయిన విలియం రాక్స్‌బర్గ్ విషయంలోనూ ఇదే కథ. సామర్లకోటలో తోట వేసి, గోదావరి జిల్లాల మొక్కల్ని మనవాళ్ల చేత వందల కొద్దీ బొమ్మలు గీయించాడు, వాటిలోంచి 300 ఏరి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చేశారు. దాని మొదటి సంపుటానికి ముందుమాట రాసింది మన రసెలే. ముష్టి, ఇండుగ, మోదుగ, ఇప్ప, టేకు, అన్నీ ఉన్నాయి. బొమ్మ కింద గీసినవాడి పేరు లేదు. బెంగాల్‌లో బుకానన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దగ్గర పనిచేసిన హలుదార్ అనే చిత్రకారుడి పేరు మనకి మిగిలింది, ఇక్కడివాళ్ల పేర్లు మిగల్లేదు. నేను రంగేసే ప్రతి బొమ్మ కిందా 'విశాఖపట్నం చిత్రకారుడు, 1780లు' అని ఒక వరస వేస్తున్నాను. ఇది లేకుండా ఒక్క కాగితం కూడా బయటికి వెళ్లదు.

మార్చి, వంజరం, కోనాం

రసెల్‌కి ఇవి రెండు వేరు చేపలు, రెండు వరస ప్లేట్లు. ఇవాళ విశాఖ బజార్లో ఒకే చేపని ఒకరు వంజరం అంటారు, ఇంకొకరు కోనాం అంటారు, ఇంకా అడిగితే రెండూ ఒకటే అంటారు. చేపల్ని పక్కన పెట్టుకుంటే తేడా స్పష్టంగా ఉంది. ఆయన వంజరం అన్నదానికి పక్కల మీద గుండ్రటి మచ్చలు వరసలుగా ఉంటాయి. కోనాంకి పైనుంచి కిందకి అలల్లాంటి సన్నటి చారలు, చేప పెద్దదయ్యేకొద్దీ చారలు ఎక్కువవుతాయి. మచ్చలూ చారలూ మసకబారిపోయిన చేపైతే పార్శ్వరేఖ చూడాలి, అంటే ఒంటి పక్కన తలనుంచి తోకదాకా వెళ్లే గీత. కోనాంకి ఆ గీత వెనక రెక్క దాటుతుండగా ఒక్కసారి కిందకి దిగుతుంది. వంజరానికి మెల్లగా ఒంపు తిరుగుతుంది, ముందు భాగంలో దాన్నుంచి సన్నటి కొమ్మలు చీలి ఉంటాయి. ముక్కలు కోసి అమ్మే చేప కాబట్టి కోయకముందే చూడాలి, ఒక పెద్దాయన నాకోసం కత్తి పక్కన పెట్టి ఆగాడు, ఆయనకి రుణపడి ఉన్నాను.

రంగు విషయానికొస్తే కోనాం చారలు బూడిదరంగు అనుకుంటాం. తాజాగా ఉన్నప్పుడు వాటి కింద ఒంటి మీద ఊదా ఛాయ ఒకటి ఉంది. కార్మైన్ నీళ్లలో ఒక్క చుక్క కలిపి, ఇండిగో పూతకంటే ముందు వేస్తే వస్తోంది.

ఏప్రిల్, పలస

ప్లేటు 198. రసెల్ రాసుకున్నది పలసా. గోదావరిలోకి ఎదురీదాక పులస, సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, విలస అంటారని మనందరికీ తెలిసిందే. వరద నీళ్లొచ్చే రోజుల్లోనే కదా అది నదిలోకి ఎక్కేది, కాబట్టి ఈ బొమ్మ జూలై దాటేదాకా ఆగాలి. ఐసులో వేరే రాష్ట్రం నుంచి వచ్చినదాన్ని చూసి రంగేయడం నాకు ఇష్టం లేదు. గీతలు మాత్రం శుభ్రం చేసి పెట్టాను. దాని పొట్ట అంచు రంపపు పళ్లలా ఉంటుంది, ఆ పళ్లు చెదరకుండా స్కాన్‌ని సర్దడానికే చాలా టైము పట్టింది.

15వ తేదీ నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా మరబోట్లు బయటికెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఆగాల్సిందే. ఇంజిను లేని చిన్న తెప్పలకి మినహాయింపు ఉంది, కానీ వాటికి పడే రకాలు తక్కువ. ఈ రెండు నెలలూ ఇంట్లో పని: రసెల్ వర్ణనల్ని తెలుగులో రాసుకోవడం. ప్రతి చేపకీ ఏ రెక్కలో ముళ్లెన్నో లెక్కేసి రాశాడాయన. నేను తీసిన ఫోటోల్లో అవే లెక్కపెట్టి సరిచూస్తున్నాను, ఇంతవరకు పూర్తిచేసిన బొమ్మలకి ఇదే ఆఖరి పరీక్ష. లెక్క తేడా వచ్చిన ప్లేటుకి రంగు వేయను, మళ్లీ చేప దొరికేదాకా పక్కన పెడతాను.

మే, తర్వాత చేయాల్సినవి

పుస్తకం మొదట్లో ఉండే టేంకిలు, సొరలు, తిమ్మిరి చేపలు ఇంకా ముట్టుకోలేదు. తిమ్మిరి అంటే పట్టుకుంటే కరెంటు కొట్టే చేప, పుస్తకం దాంతోనే మొదలవుతుంది. ఒడ్డున వలలో పడినా దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు, ఇసకలో పారేస్తారు, కాబట్టి ముందే చెప్పి పెట్టుకోవాలి. పెద్ద జాలరిపేటలో ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ చేస్తామన్నారు. కారల రకాలకి మాత్రం నాకు సాయం కావాలి. భీమిలి, పూడిమడక, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు ఎవరైనా తెల్లవారుజామున వల దులిపేటప్పుడు కారల్ని ఒక తెల్లకాగితం మీద పరిచి, పక్కన బూడిదరంగు కార్డో ఉతికిన తెల్లగుడ్డో పెట్టి ఫోటో తీసి, అక్కడివాళ్లు చెప్పిన పేరు విన్నది విన్నట్టు రాసి పంపితే చాలు. నోరు ముడిచిన చేప ఒకటి, నోరు ముందుకి లాగిన చేప ఒకటి తీయండి. కారల్లో కొన్నిటి మూతి కిందకి, కొన్నిటిది పైకి గొట్టంలా సాగుతుంది, ప్లేట్లని విడదీయడానికి నాకు కావలసింది అదే.